హస్కీకి ఆడామగా తేడా లేని పేరు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో అయిదేళ్ళ హస్కీ కుక్క ఉంది, పేరు మబ్బు. ఉండేది సికింద్రాబాద్ వైపు ఒక అపార్ట్‌మెంటులో. లిఫ్టులో ఎవరు ఎక్కినా మొదట "కరుస్తుందా?" అంటారు, తర్వాత "మగదా, ఆడదా?" అంటారు, దిగేలోపు "అదేం పేరండీ?" అంటారు. మొదటిదానికి జవాబు చిన్నదే, కరవదు, కాకపోతే మీ ప్యాంటు నిండా బొచ్చు అంటుకుంటుంది. మిగతా రెండూ, ఇంకా హస్కీ పిల్లని తెచ్చుకోబోయే చుట్టాలూ స్నేహితులూ ఫోన్ చేసి అడిగినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఒక్కొక్కరికీ అరగంట ఫోన్లో చెప్పే ఓపిక అయిపోయింది.

కుక్క పేరుకి ఆడామగా తేడా లేకపోతే ఏంటి లాభం?

కుక్కకి ఏమీ లేదు. దానికి కావలసింది ఒక శబ్దం, ఆ శబ్దం వినబడితే తినడానికి ఏదో దొరుకుతుందన్న నమ్మకం. లాభమంతా మనకే. పిల్ల ఇంటికి రాకముందే పేరు ఖాయం చేసేసుకుంటాం, తీరా అనుకున్నది ఒకటి, చేతిలో పెట్టేది ఇంకొకటి అవుతుంది. మా తమ్ముడి స్నేహితుడు మగపిల్ల కావాలని అడ్వాన్సు కట్టి, థోర్ అని పేరు వేయించిన బెల్టు కూడా ముందే కొని పెట్టుకున్నాడు. తెచ్చిన వారానికి టీకా వేయించడానికి తీసుకెళ్తే డాక్టరు తిప్పి చూసి "ఇది ఆడది కదా" అన్నాడట. అమ్మినవాడు సరిగ్గా చూడలేదో, చూసే అంటగట్టాడో. బెల్టు ఖరీదైనది, పారెయ్యబుద్ధి కాలేదు. ఇప్పుడు ఆవిడ పేరు థోరమ్మ.

ఇంకో కారణం ఇంట్లో గొడవ. పాప ఒక పేరు పట్టుకుంటుంది, బాబు ఇంకో పేరు పట్టుకుంటాడు. ఎటూ కాని పేరు పెడితే ఇద్దరూ సమానంగా అలుగుతారు, సాయంత్రానికి సర్దుకుంటుంది.

తెలుగులో ఈ బాధ నిజంగా ఉందా?

హిందీవాళ్ళంత లేదు. వాళ్ళు కుక్క వచ్చిందని చెప్పాలంటే ఆయా, ఆయీ ఏదో ఒకటి తేల్చుకోవాలి. మనకి కుక్క ఏదైనా సరే "వచ్చింది, తింది, సోఫా చింపింది". ఆడవాళ్ళకీ జంతువులకీ వస్తువులకీ ఒకే క్రియ పెట్టిన మన వ్యాకరణం మీద నాకు చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి గానీ, అవి ఇక్కడ వద్దు, కుక్క విషయంలో మాత్రం అది కలిసొచ్చింది.

చిక్కు ముద్దు పెరిగాక మొదలవుతుంది. నెల తిరిగేసరికి ఇంట్లో ఎవరో ఒకరు "వాడు అన్నం తిన్నాడా?" అనడం మొదలుపెడతారు, లేకపోతే "ఏమే, ఎక్కడ చచ్చావే" అంటారు. అంటే మన భాషలో ఆడామగా అన్నది పేరులో కన్నా ఆ పేరు పక్కన తగిలించే రా, వే, గాడులలో ఉంటుంది. అందుకే నేను చెప్పే పరీక్ష ఒక్కటే. అనుకున్న పేరుకి రెండూ తగిలించి గట్టిగా అని చూడండి. "మబ్బూ రారా", "మబ్బూ రావే", రెండూ నోటికి ఇబ్బంది లేకుండా వచ్చాయా, అయితే పేరు పనికొస్తుంది. "సీజర్ రావే" అని చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

పేరు చివర చూసినా కొంత తెలుస్తుంది. డుతో ముగిస్తే మగ, ఇకారంతో ముగిస్తే ఎక్కువసార్లు ఆడ, ముద్దుపేర్లలో మాత్రం ఉకారం, చివర డు ఉన్నా సరే, మధ్యస్థం. పండు, జున్ను, చిన్ను, లడ్డు, బన్ను ఎవరికైనా సరిపోతాయి. బుజ్జి, చిట్టి ఇకారంతో ఉన్నా ఎవరికైనా పెడతాం, వాటి లెక్క వేరు.

ఎలాంటి పేరైతే కుక్కకి తొందరగా పట్టుబడుతుంది?

పొట్టిది, రెండు అక్షరాలది. మొదట్లో క, చ, ట, ప, బ లాంటి గట్టి శబ్దం ఉంటే చెవికి తగులుతుంది, చివర సాగదీయడానికి అచ్చు ఉండాలి. ఈ రెండోదానికి మనం కష్టపడక్కర్లేదు, తెలుగులో పిలుపంటేనే చివరి అచ్చు సాగుతుంది. పండు అని పేరు, పండూ అని పిలుపు. ఫ్రాస్ట్, బోల్ట్, స్టార్మ్ లాంటివి చివర తలుపు వేసినట్టు ఆగిపోతాయి, పార్కు ఆ చివర ఉన్న కుక్కకి ఏం వినబడుతుంది? అందుకే అవి రెండు రోజుల్లో ఫ్రాస్టూ, బోల్టూ అయిపోతాయి.

స్నో, స్నోవీ పెట్టుకోవచ్చా? అందరూ అవే పెడుతున్నారు.

అందరూ పెడుతున్నారన్నదే మొదటి ఇబ్బంది, డాక్టరు దగ్గర "స్నోవీ" అని పిలిస్తే ఇద్దరు లేస్తారు. అసలు ఇబ్బంది వేరే ఉంది. రోజుకి యాభైసార్లు కుక్కతో అనే మాట "నో". స్నోలో ఉన్నది అదే. చెప్పు కొరికితే నో, ముద్దొస్తే స్నో, పాపం దానికి ఎలా తెలియాలి?

పేరు మనం రోజూ వాడే ఆజ్ఞలతో కలవకుండా చూసుకోవడం ఆడామగా గొడవ కన్నా చాలా ముఖ్యం. ఇంగ్లీషు ఆజ్ఞలే కాదు, మనవీ చూడండి. రాకీ, రాంబో రెండూ "రా"తో మొదలవుతాయి, పోలో "పో"తో. కుకీ ముద్దుగానే ఉంటుంది గానీ, మీ ఇంట్లో కూర్చోమనడానికి "కూకో" అనే గోదావరి అమ్మమ్మ ఉంటే అది జీవితాంతం కూర్చునే ఉంటుంది. జో, బో రెండూ నోకి దగ్గర. ఇక బాస్కో, రాస్కో లాంటివి. వీధిలో పిల్లలు కుక్కని ఎగదోయడానికి "ఉస్కో" అంటారు కదా, దూరం నుంచి అచ్చం అలాగే వినబడుతుంది. మీరు కుక్కని ప్రేమగా పిలుస్తుంటే ఎదురుగా వచ్చే మనిషి గోడెక్కేస్తాడు.

మంచుకి సంబంధించిన పేరే కావాలి. తెలుగులో ఏమున్నాయి?

అనుకున్నంత లేవు, మన దగ్గర మంచు ఎక్కడ పడింది గనక. మంచు అంటే సినిమావాళ్ళ ఇంటిపేరు గుర్తొస్తుంది. హిమ ఆడపేరు, తుషార్ మగపేరు, వెన్నెల పూర్తిగా ఆడపిల్ల పేరు. చుక్క బావుంటుంది, నక్షత్రమనీ బొట్టనీ రెండర్థాలు, కాకపోతే మూడో అర్థం ఒకటుంది, "రాత్రి చుక్క లేకపోతే నిద్రపట్టదు" అని మీరు కుక్క గురించే చెప్పినా ఆఫీసులో వేరేలా అర్థం చేసుకుంటారు.

మేము మబ్బు దగ్గర ఆగాం. బూడిదరంగు వీపు, తెల్ల పొట్ట, మధ్యలో "బ్బ" గట్టిగా పలుకుతుంది, చివర సాగుతుంది. జపాన్ పేరు ఒకటి కూడా మా జాబితాలో చివరిదాకా నిలబడింది, యూకీ. అక్కడ మంచుని యూకీ అంటారు, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ పెట్టుకునే పేరు. మన నోటికి ఏ ఇబ్బందీ లేదు.

పనిలో పనిగా ఒక మాట. పేరు ఎంత చల్లగా పెట్టినా మే నెలలో బెజవాడ బెజవాడే. హస్కీకి రెండు పొరల బొచ్చు, దాన్ని గొరిగిస్తే చల్లగా ఉంటుందని ఎవరో చెబుతారు, వినకండి, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. ఏసీ బిల్లు భరించలేమనుకుంటే పేరు దాకా రావద్దు, ఇక్కడే ఆగి నాటుకుక్కని పెంచుకోండి, దానికీ మబ్బు అని పెట్టుకోవచ్చు.

హస్కీ సొంతూరి పేర్లు పెడితే?

సొంతూరంటే సైబీరియా ఈశాన్యపు కొస. అక్కడి చుక్చీ ప్రజలు బండ్లు లాగడానికి పెంచుకున్న జాతి ఇది. 1908లో అలాస్కాలోని నోమ్ ఊరికి వీటిని తెచ్చారు, పెద్ద కుక్కల మధ్య ఇవి చిన్నగా కనిపించాయి, తర్వాత పందేల్లో సత్తా చూపించాయి. 1930లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ జాతిగా గుర్తించింది. హస్కీ అన్న మాట ఎస్కిమో అన్న మాటని అరగదీస్తే పుట్టిందే.

ఆ చుట్టుపక్కల ఊర్ల, నదుల, కొండల పేర్లు దేనికైనా పెట్టొచ్చు, ఊరికి ఆడామగా ఏముంది. కానీ తెలుగు చెవి మీద నాకు నమ్మకం లేదు. నోమ్ అని పెట్టారనుకోండి, మా అత్తయ్య "ఏ నోమూ?" అంటుంది, పైగా మళ్ళీ అదే "నో". సైబీరియాలో కొలిమా అని నది ఉంది, తొలినాళ్ళ హస్కీలు కొన్ని ఆ వైపు నుంచే వచ్చాయి, నాకు ఆ పేరు చాలా ఇష్టం, కానీ చలిదేశపు కుక్కని పట్టుకుని అందరూ కొలిమి అంటారు. అలాస్కాలో 6,190 మీటర్ల కొండ దెనాలి, అక్కడి కోయుకోన్ భాషలో ఎత్తయినది అని అర్థం. మా ఆఫీసులో ఒకతను ఆ పేరే పెట్టాడు. వాచ్‌మన్ దగ్గర నుంచి ఇస్త్రీ చేసే ఆయన దాకా అందరూ అడిగేది ఒకటే, "సార్, మీది తెనాలా?". ఆయనది ఆదిలాబాద్.

అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్ మంచుప్రాంతాల ఇన్యూట్ ప్రజల పేర్ల సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ళ సంప్రదాయంలో పేరుకి ఆడామగా ఉండదు, పోయిన పెద్దవాళ్ళ పేరు పుట్టిన బిడ్డకి పెడతారు, తాత పేరు మనవరాలికి కూడా. వినగానే కుక్కకి సరిగ్గా సరిపోతుందనిపిస్తుంది గానీ, మన తాతగారి పేరు ఎవరో కుక్కకి పెడితే ఎలా ఉంటుందో అలాగే వాళ్ళకీ ఉంటుంది కదా. నేనైతే పెట్టను.

టోగో, బాల్టో?

రెండూ నిజం కుక్కలే, రెండూ మగవే. 1925 చలికాలంలో నోమ్‌లో డిఫ్తీరియా వస్తే, అలాస్కాలోనే ఉన్న నెనానా ఊరి నుంచి మందుని కుక్కబండ్ల మీద అంచెలంచెలుగా దాదాపు 1,085 కిలోమీటర్లు తీసుకెళ్ళారు. ఇరవైమంది బండివాళ్ళు, అయిదున్నర రోజులు. చివరి అంచెలో ఉన్నది బాల్టో, అందుకని న్యూయార్క్ సెంట్రల్ పార్కులో అదే ఏడాది విగ్రహం పెట్టేశారు. అందరికన్నా పొడుగైన, ప్రమాదమైన అంచె లాగినది మాత్రం లియన్‌హార్డ్ సెపాలా బండికి ముందున్న టోగో, అప్పటికి దానికి పన్నెండేళ్ళు. మన ఆఫీసుల్లో ప్రమోషన్లు కూడా ఇలాగే వస్తాయి. పేర్ల సంగతికొస్తే, టోగో అన్నది జపాన్ నౌకాదళాధిపతి పేరు, బాల్టో అన్నది గ్రీన్‌లాండ్ దాటిన ఒక సామీ (ఉత్తర యూరప్ కొసన ఉండే ప్రజలు) మనిషి పేరు. అయినా మన దగ్గర ఇది మగపేరని ఎవరికి తెలుసు? టోగో ఆడకుక్కకైనా బావుంటుంది.

రష్యన్ పేర్లు ముద్దుగా ఉంటాయి కదా?

ఉంటాయి, పైగా విశాలాంధ్ర దుకాణాల్లో సోవియట్ పిల్లల పుస్తకాలు కొనుక్కుని పెరిగినవాళ్ళకి సాషా, మీషా చుట్టాల పేర్లలా వినబడతాయి. సాషా అసలైన మధ్యస్థం పేరు, అలెగ్జాండర్‌కీ అలెగ్జాండ్రాకీ అదే ముద్దుపేరు. జెన్యా కూడా అంతే. మీషా అక్కడ మగపేరు, మన చెవికి ఆడపేరు. నికితా అయితే మరీ తమాషా, అక్కడ సోవియట్ నాయకుడు ఖ్రుష్చెవ్ పేరు, ఇక్కడ మా పక్క ఫ్లాటులో ఇంటర్ చదివే అమ్మాయి పేరు. లైకా 1957లో అంతరిక్షానికి వెళ్ళిన ఆడకుక్క, ఆ మాటకి మొరిగేది అని అర్థం. హస్కీ పెద్దగా మొరగదు, ఊళపెడుతుంది, ఎదురు వాదిస్తుంది. అయినా లైకా కథ చివర, అది తిరిగి రాలేదన్నది, గుర్తొస్తే రోజూ ఆ పేరు పిలవడం నావల్ల కాదు.

తినేవాటి పేర్లు?

నన్నడిగితే అన్నిటికన్నా మంచివి ఇవే. ఇడ్లీకి ఆడామగా లేదు. తెల్ల హస్కీకి జున్ను, కోవా, వెన్న, ఇడ్లీ. ఎర్రగోధుమ రంగుదానికి బూరె, సున్ని, కాజా. నలుపు తెలుపు కలిసినదానికి నువ్వులు అని మా పిన్ని సలహా ఇచ్చింది, "నువ్వూ, ఇటు రా" అంటే ఇంట్లో ఎవరు రావాలో తెలియదని ఆపేశాం. ఒక్క జాగ్రత్త, ఆ పదార్థం ఇంట్లో రోజూ వండేది కాకూడదు. "ఇడ్లీ వేడిగా ఉందా?" అంటే వంటింట్లోకి ఇరవై అయిదు కిలోల ఇడ్లీ పరిగెత్తుకొస్తుంది.

బుజ్జి, పండు, చిట్టి ఉండగా ఇంత ఆలోచన ఎందుకు?

ఒక్కసారి మీ అపార్ట్‌మెంటు పిల్లలు ఆడుకునే టైములో కిందికి దిగి "పండూ!" అని అరిచి చూడండి.

రంగునో కళ్ళనో బట్టి పెడదామనుకుంటున్నాం.

కొన్నాళ్ళు ఆగండి. హస్కీ పిల్లల ముఖం మీద ఉండే నల్ల ముసుగు చాలావాటికి పెరిగేకొద్దీ పలచబడిపోతుంది. సినిమాలో ముసుగు వీరుడిలా జోరో అని పెట్టాక ముసుగు పోతే ఏం చేస్తారు? కళ్ళూ అంతే, పుట్టినప్పుడు అన్నిటికీ నీలంగానే ఉంటాయి, అసలు రంగు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. నీలి అని పెట్టినదానికి గోధుమరంగు కళ్ళు రావచ్చు, ఒకటి నీలం ఒకటి గోధుమ రావచ్చు, ఒకే కంట్లో రెండూ రావచ్చు. మూడూ హస్కీల్లో మామూలే.

మా నాయనమ్మకి ఇంగ్లీషు పేర్లు నోరు తిరగవు. పర్లేదా?

ఇది అందరూ తేలిగ్గా తీసుకునే విషయం, కానీ అసలు సంగతి ఇక్కడే ఉంది. మీరంతా ఆఫీసుకి పోయాక పగలంతా కుక్కతో ఉండేది ఆవిడే. మా కజిన్ వాళ్ళు ఆర్కిటిక్ అని పెట్టారు, ఆవిడ మొదటిరోజు ఆరిటిక్కు అంది, రెండోరోజు అరిటికాయ అంది, మూడోరోజు నుంచి కుక్క అరిటికాయకే పలకడం మొదలుపెట్టింది, ఎందుకంటే పెరుగన్నం పెట్టేది ఆవిడ. ఇప్పుడు కాగితాల మీద ఆర్కిటిక్, ఇంట్లో అరిటి. కోడా అని పెడితే కోడి అవుతుంది, ఆష్ అని పెడితే ఆశ అవుతుంది, అది కాస్తా ఆడపిల్ల అయిపోతుంది. పేరు ఖాయం చేసే ముందు ఇంట్లో పెద్దావిడ చేత, పనమ్మాయి చేత, కుక్కని తిప్పే కుర్రాడి చేత ఒకసారి పలికించండి. ముగ్గురూ ఒకేలా పలికితే ఆ పేరు నిలుస్తుంది.

దేవుళ్ళ పేర్లు, మనుషుల పేర్లు?

వద్దు. తిట్టాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. కిరణ్ ఆడామగా ఎవరికైనా చెల్లే పేరే, కానీ పై అంతస్తులో ఒక కిరణ్ గారు ఉంటారు.

పేరు చూస్తే ఆడో మగో తెలియకపోతే కాగితాల్లో ఇబ్బంది రాదా?

రాదు. టీకాల పుస్తకంలో, మున్సిపాలిటీ లైసెన్సు ఫారంలో విడిగా గడి ఉంటుంది, అది ఖాళీగా వదలకుండా నింపించండి, అంతే. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలుంటే వాటిలో పెంపకందారు పేరు కూడా కలిసిన పొడుగాటి పేరు ఉంటుంది, ఇంట్లో పిలిచేదానికి దానితో పనిలేదు. మెడ దగ్గర చర్మం కింద వేసే చిప్‌లో పేరేమీ ఉండదు, 15 అంకెల నంబరు ఒక్కటే. ఆ నంబరు మీ ఫోన్ నంబరుతో నమోదై ఉందో లేదో చూసుకోండి, హస్కీకి పేరు కన్నా అది ఎక్కువ అవసరం పడుతుంది. ఎందుకో చివరి ప్రశ్నలో చెబుతాను.

మేము అమెరికాలో ఉంటాం. తెలుగు పేరు పెడితే అక్కడివాళ్ళు పిలవగలరా?

ద్విత్వాలు పలకరు, మబ్బు మాబూ అవుతుంది, పండు పాండూ అవుతుంది. చిట్టి మాత్రం పెట్టకండి, వాళ్ళ చెవికి అది మంచి మాటలా వినబడదు. డల్లాస్‌లో ఉన్న మా మేనమామ కూతురు కోవా అని పెట్టింది, వాళ్ళకి పలకడం సులువు, ఆడో మగో ఎవరూ అడగరు, మనకి నోరూరుతుంది. అక్కడ స్లెడ్, అంటే మంచు మీద నడిచే బండి, లాగించే సరదా ఉంటే ఇంకో సంగతి, కుడికి తిరగమనడానికి "జీ", ఎడమకి "హా" అంటారు, జీజీ లాంటి పేర్లు వదిలేయండి.

పెద్ద హస్కీని దత్తత తీసుకుంటున్నాం, దానికి టైగర్ అని పేరుంది. మార్చొచ్చా?

మార్చొచ్చు. కొన్నాళ్ళు రెండూ కలిపి పిలవండి, "టైగర్ జున్నూ" అని, తర్వాత మొదటిది మెల్లగా వదిలేయండి. పాత ఇంట్లో ఆ పేరుతో కొట్టి ఉంటే, పిలవగానే తోక ముడుచుకుంటే, కలపకుండా మొదటిరోజే కొత్త పేరు పెట్టేయండి.

పేరు ఎలా నేర్పాలి?

ఉడికించిన చికెన్ శనగగింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. పేరు ఒక్కసారి పిలవండి, మీ వైపు చూడగానే ముక్క. అయిదు నిమిషాలు చాలు, రోజుకి రెండు మూడుసార్లు. చూడకపోతే "మబ్బూ మబ్బూ మబ్బూ" అని జపం చేయకండి, మూడోసారి దాకా ఆగొచ్చని అది నేర్చుకుంటుంది. తిట్టడానికి పేరు వాడకండి. నేను వాడతాను, వాడకూడదు.

పేరు తెలుసు, చెవులు కూడా కదుపుతుంది, కానీ పిలిస్తే రాదు. పేరు మార్చాలా?

పేరు తప్పు కాదు, అది హస్కీ. మైళ్ళకొద్దీ పరిగెత్తడానికి పెంచిన జాతి, గేటు తెరిచి ఉంటే దానికి ఎదురుగా కనిపించేది సైబీరియానే. అందుకే పట్టీ లేకుండా బయట వదలొద్దని అంటారు, నేనూ అంటాను.

మొన్న సంక్రాంతి ముందు రోజు తెల్లవారుజామున అయిదింటికి, పాలవాడు తలుపు కొడితే తీశాను, ఆయన కాళ్ళ మధ్య నుంచి దూరి మెట్లు దిగి పోయింది. నేను చెప్పుల్లేకుండా, లుంగీలో, మూడు వీధులు "మబ్బూ! మబ్బూ!" అని అరుస్తూ వెంటపడ్డాను. ముగ్గుల మధ్య నుంచి పరిగెత్తింది, నేనూ పరిగెత్తాను, ముగ్గులు వేస్తున్నవాళ్ళు అన్నది రాయను. మూల మీద టీ కొట్టు దగ్గర మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన ఒకాయన నన్నాపి, "అవును బిడ్డా, మబ్బులనే ఉన్నది, ఇంకా తెల్లారలే, గట్ల ఒర్రుడెందుకు?" అన్నాడు. తెలంగాణలో మబ్బుల అంటే తెల్లవారకముందు అని అప్పుడు గుర్తొచ్చింది. నా కుక్క పేరు మబ్బు అని చెప్పాను. ఆయన కాసేపు నా వైపు చూసి, "ఆడిదా, మొగదా?" అని అడిగాడు.

పేరుకి అది రాలేదు. ఆయనే బిస్కెట్ ప్యాకెట్ చింపాడు, ఆ చప్పుడుకి వచ్చింది.